చెరువుకట్ట చిత్తరువు

మన యిండ్లలో గోడలపై వ్రేలాడు పటములను ఒక దినము తీరికగా లెక్కించి చూచుట మంచిది. పూజామందిరమున దేవతల పటములుండును. నడవలో గతించిన పెద్దల ఛాయాచిత్రములు, వానికి గంధపు బొట్లు, పూలదండలు ఉండును. వచ్చినవారిని కూర్చుండబెట్టు గదిలో మాత్రము తరచుగా ఏదో యొక ప్రకృతి దృశ్యముండును: మంచు కప్పిన కొండ, దాని క్రింద నీలపు సరస్సు, సరస్సు నొడ్డున ఎఱ్ఱని కప్పు గల చెక్కయిల్లు. వైశాఖమాసపు ఎండలో కరీంనగరమందో ఆదిలాబాదునందో ఆ పటము క్రింద కూర్చుండి చెమట తుడుచుకొనుచున్న కుటుంబములో ఆ సరస్సును చూచినవా రొక్కరును ఉండరు. దానిలో ఆ యింటి తాత ఈత నేర్వలేదు. దాని గట్టున ఆ యింటి తల్లి బతుకమ్మ నాడలేదు. ఆ యింటివారు నిజముగా నెరిగిన చెరువు మరియొకటి గలదు. దాని పటము మాత్రము ఆ యింట లేదు.

ఈ లోపము చిన్నదిగా తోచవచ్చును. కాని దేవుని పటము భక్తిని నిలుపునట్లును, పెద్దల పటము వంశమును నిలుపునట్లును, ఒక కుటుంబము తాను బ్రతికిన చోటును నిలుపుకొనుటకు దానికి స్థలముయొక్క పటము కావలెను. ఒక స్థలమును చిత్తరువుగా వ్రాయుమని చిత్రకారుని పురమాయించుట యనగా, ఏ నీరు, ఎవరి వేసవి స్మరింపదగినదో నిర్ణయించుట. ఆ నిర్ణయమును ఇతర దేశముల వారెట్లు చేసిరి, మన యుత్తర తెలంగాణమున ఇంతకాలమెట్లు జరిగినది, ఇప్పుడు మనమేమి చేయవలెను అనునవి విచారింపదగిన విషయములు.

ఇంగ్లండులో ఎసెక్సు ప్రాంతమున వివెన్హో పార్కు అను పెద్ద తోట గలదు. 1816లో దాని యజమానియగు ఫ్రాన్సిస్ స్లేటర్ రెబో అను సేనాని, జాన్ కాన్‌స్టబుల్ అను చిత్రకారుని పిలిపించి, తన తోటను ఉన్నదున్నట్లు వ్రాయుమని కోరెను. కాన్‌స్టబుల్ అప్పుడు వివాహము చేసికొన దలచియున్నవాడు, ఆయనకు ధనమవసరము. ఆ చిత్రములో ముందు భాగమంతయు కొలనే. నీటిపై హంసలు, పడవ నుండి వల లాగు జాలరులు, ఒడ్డున మేయు ఆవులు, ఎడమ ప్రక్కన గాడిదబండిలో యజమాని కుమార్తె, అన్నిటికిని వెనుక చెట్ల సందున చిన్నదిగా ఇల్లు. యజమాని ఇంకను ఇది చేర్చుము, అది చేర్చుము అని కోరగా గుడ్డ చాలక, చిత్రకారుడు ఇరుప్రక్కల మరి కొంత గుడ్డ కుట్టవలసి వచ్చెను. ఆ యేటనే ఆయన వివాహమును జరిగెను. ఇప్పుడా చిత్రము వాషింగ్టను నగరములోని జాతీయ చిత్రశాలలో నున్నది.

ఈ వృత్తాంతమున రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది: పురమాయించినవాడు తన భవనమును చిన్నది చేసి, నీటిని, ఆ నీటిపై బ్రతుకువారిని ముందుకు రానిచ్చెను. రెండవది: ఆ కొలను ఒకే కుటుంబమునకు చెందినది; గనుక ఆ వేసవి కూడ ఆ కుటుంబమునకే చెందినది. మన చెరువు అట్టిది కాదు. అది ఊరందరిది. దానిని వ్రాయించుటలో గల కష్టమును, గౌరవమును ఇక్కడనే యున్నవి.

మన ప్రాంతమువారికి చిత్తరువు పురమాయించుట తెలియదని యెవరైన ననినచో అది పొరపాటు. కరీంనగరము జిల్లాకు పొరుగున, 2016 వరకు వరంగల్లు జిల్లాలో చేరియుండిన చేర్యాలలో, నకాషీ కుటుంబములవారు తరతరములుగా పటములు వ్రాయుచున్నారు. వాని నడుగువారు రాజులు కారు; కథకులు. ముదిరాజులకు కథ చెప్పు కాకిపడగలవారు, పద్మశాలీలకు చెప్పు కూనపులివారు, గొల్లలకు చెప్పు మందహెచ్చులవారు, గౌడులకు చెప్పు గౌడజెట్టివారు, మాదిగలకు చెప్పు డక్కలివారు వచ్చి తమ కథను చిత్రకారునకు విన్నవింతురు. గంజియు, సుద్దయు, చింతగింజల జిగురును పట్టించిన నూలుగుడ్డపై, ఎఱ్ఱని నేల మీద, అతడా కథను మెట్లు మెట్లుగా దించును. అది కొన్ని గజముల పొడవుండును. పటము పాతబడి చినిగినప్పుడు దానిని చెత్తలో వేయరు. మనిషికి చేసినట్లు అంత్యక్రియలు జరిపి నీటిలో కలుపుదురు. ఒక చిత్తరువును ఇంత గౌరవముతో పుట్టించి, ఇంత గౌరవముతో సాగనంపిన జనులు చిత్రకళ నెరుగరనుట ఎట్లు?

కాని ఆ పటములలో కులముయొక్క పుట్టుక గలదు. వీరులు, దేవతలు గలరు. ఏటి నీరు కథ నడుచుటకు కావలసినంత మాత్రమే వచ్చును. ఫలానా ఊరి ఫలానా చెరువు దానిలో రాదు. వచ్చుటకు ఆ కథకు అవసరమును లేదు.

ఆదిలాబాదు జిల్లాలో చిరకాలముండి, ఇప్పుడు తానే జిల్లాయైన నిర్మలను చూడుడు. 17వ శతాబ్దమున నిమ్మనాయుడను పాలకుడు నకాషీ పనివారిని చేరదీసెనని చెప్పుదురు. పొణికి చెక్కతో బొమ్మలు, చెక్క పలకలపై నల్లని నేల మీద బంగారు వన్నెతో చిత్రములు ఆ యూరి పేరును దేశాంతరములకు గొనిపోయినవి. అక్బర్ హైదరీ గారి భార్య, లేడీ హైదరీ, నిజాము రాజ్యపు చివరి దశలో ఈ పనివారికి ఆదరువు కల్పించి, వారి పనితనమును హైదరాబాదు నగరమునకు పరిచయము చేసెను. ఆ నల్లని పలకలపై అజంతా స్త్రీలు వచ్చిరి. మొగలాయి దర్బారులు వచ్చినవి. రామాయణ ఘట్టములు, పూవులు, పక్షులు వచ్చినవి. పల్లె దృశ్యములును లేకపోలేదు. అయినను ఆ పల్లె ఏ పల్లె? రెండు తాడిచెట్లు, ఒక గుడిసె, కడవ నెత్తిన బెట్టుకొన్న యొక స్త్రీ. అది అన్ని పల్లెలును అగును గనుక ఏ పల్లెయును కాదు. ఇందులో తప్పు చిత్రకారునిది కాదు. ఆయన నివసించు పట్టణముననే ధర్మసాగరము మొదలైన చెరువులున్నవి. ఆయన వాని నెరుగును. కొనువాడు వానిని కోరలేదు. కొనువాడు గది గోడకు సరిపడు వన్నెను మాత్రము కోరెను.

స్మృతియే చిత్రమునకు మూలధనము కాగలదని మన జిల్లాలో పుట్టినవారే చూపియున్నారు. కరీంనగరము జిల్లా అన్నారమున 1915లో జన్మించిన పాకాల తిరుమలరెడ్డి గారు బొంబాయిలోని జె.జె. కళాశాలలో చదివి, ఆధునిక చిత్రకారులలో పేరు గాంచిరి. అదే జిల్లా బూరుగుపల్లిలో 1942లో జన్మించిన తోట వైకుంఠము గారు బరోడాలో చదివి వచ్చిన పిమ్మట, తమ ఊరి స్త్రీలను, ముఖ్యముగా తమ తల్లిని జ్ఞప్తియందుంచుకొని, పెద్ద బొట్టు, పసుపు పూసిన మోము, ముదురు రంగు చీర గల రూపములను వ్రాసిరి. ఆ చిత్రములను చూచు తెలంగాణమువారికి తమ యింటి స్త్రీలు జ్ఞప్తికి వత్తురు. ఒక తల్లి ముఖము అట్లు నిలువగలిగినచో, ఆ తల్లి నీరు ముంచిన చెరువు నిలువలేదా?

చెరువు అని మనము సులభముగా ననుచున్నాము. కాని దానిని వ్రాయబూనిన చిత్రకారునకు ఎన్ని వివరములు కావలెనో ఆలోచింపుడు. కట్ట ఏ వైపున వంగియున్నది? తూము ఎక్కడ? మత్తడి ఏ దిక్కునకు దూకును? కట్టమైసమ్మ వేపచెట్టు క్రిందనా, రావిచెట్టు క్రిందనా? ఎండాకాలమున నీరు తగ్గి శిఖము బయటపడినప్పుడు అందులో దోసతీగెలు పాకెనా, పశువులు మేసెనా? సెలవులకు తల్లిగారింటికి వచ్చిన పిల్లలు ఏ బండపై నుండి నీటిలోనికి దూకిరి? ముంజలు కోసి తెచ్చినవా రెవరు? వేసవి చివర నీరు మోకాలి లోతునకు దిగినప్పుడు ఊరంతయు చేపలకు పోవు దినమున ఎవరి వల మొదట పడెను? పూడిక మట్టిని బండ్లకెత్తి పొలములకు తోలిన దారి ఏది? నీరటివాడు రాత్రి ఎక్కడ పండుకొనెడివాడు? ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పగలవారు మన యిండ్లలో ఇంకను కొందరున్నారు. వారి వయస్సు డెబ్బదియో ఎనుబదియో. వారు చెప్పుట మానిన దినమున ఆ చెరువు రెండవసారి ఎండిపోవును.

ఇక మన రెండు జిల్లాలలో ఈ పని తొందరపడి చేయవలసిన కారణము వేరుగా గలదు. ఆదిలాబాదును కరీంనగరమును విడదీయుచు గోదావరి ప్రవహించుచున్నది. దానిపై పోచంపాడు వద్ద 1963 జూలై 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఆనకట్టయే తరువాత శ్రీరామసాగరమైనది. తొలుత దాని నిలువసామర్థ్యము 112 టీఎంసీలు. పూడిక వలన ఇప్పుడంతకంటె చాల తక్కువ. కరీంనగర పట్టణపు ముంగిట దిగువ మానేరు పని 1974లో ఆరంభమై 1985లో ముగిసినది. దాని సామర్థ్యము సుమారు 24 టీఎంసీలు. గోదావరిపై ఎల్లంపల్లి వద్ద శ్రీపాదసాగరమునకు 2004లో శంకుస్థాపన జరిగినది. సిరిసిల్లకు దిగువన, మూలవాగు మానేరుతో కలియు చోట, మధ్య మానేరు జలాశయము గడచిన దశాబ్దపు చివర నీటితో నిండినది. మాన్వాడ, కొదురుపాక, వరదవెల్లి, చింతల్‌ఠాణా, అనుపురము, రుద్రవరము మొదలైన గ్రామములు దానివలన చెదరినవి. వరదవెల్లిలో దత్తాత్రేయస్వామి వెలసిన గుట్ట చుట్టును నీరు చేరి, గుడికి పడవపై పోవలసి వచ్చినది.

ఈ జలాశయముల వలన లక్షల ఎకరములకు నీరు వచ్చినది. కఱవుతో కృశించిన పల్లెలలో వరి పండినది. దానిని కాదనుట కృతఘ్నత. కాని ఆ నీటి క్రింద ఇండ్లు గలవు, ఇండ్లతోపాటు చిన్న చెరువులు గలవు. పెద్ద నీరు చిన్న నీటిని మ్రింగినది. పరిహారపు కాగితములలో ఇంటి గోడలు, బావులు, చెట్లు లెక్కింపబడినవి. మామిడిచెట్టుకు ఇంత, చింతచెట్టుకు ఇంత అని ధర కట్టబడినది. చింతచెట్టు నీడలో కూర్చుండి తాత చెప్పిన కథకు, చెరువు నీటిపై వచ్చిన సాయంకాలపు గాలికి ఏ పట్టికయందును గడి లేదు, ఉండుటకును వీలులేదు. ఎండాకాలమున జలాశయపు నీరు వెనుకకు తగ్గినప్పుడు మొండిగోడలు, గుడి స్తంభములు, ఎండిన మ్రోళ్లు బయటపడును. అప్పుడు చెదరిన కుటుంబములవారు వచ్చి, ఇది మన గడప, అది మన గచ్చు అని పిల్లలకు చూపుదురు. పూర్వము పిల్లలు వేసవికి చెరువుకట్టకు పోయెడివారు. ఇప్పుడు వేసవికి పోయి చెరువుకట్ట యుండిన చోటును చూచుచున్నారు. తొలకరితో ఆ దర్శనమును ముగియును.

ఇట్టి దుఃఖము మనకొక్కరికే వచ్చినది కాదు. ఈజిప్టులో నైలునదిపై అస్వాను ఉన్నత ఆనకట్ట కట్టబడునప్పుడు నూబియా గ్రామములన్నియు మునుగునని తెలిసినది. దేవాలయముల శిలలను కోసి ఎత్తున నిలుపుటకు లోకమంతయు చేయి కలిపినదని మనము చదివియున్నాము. కాని అంతగా ప్రచారములోనికి రాని మరియొక సంగతి గలదు. 1962లో ఆ దేశపు సంస్కృతిశాఖ చిత్రకారులను నూబియాకు పంపి, మునుగబోవు ఊళ్లను, జనులను వ్రాయుడని కోరినది. అట్లు వెళ్లినవారిలో తహియా హలీమ్ అను చిత్రకారిణి యొకరు. ఆమె అక్కడి నదిని, పడవలను, స్త్రీలను, పిల్లలను వ్రాసిన చిత్రములు ఆమె కీర్తికి మూలములైనవి. నీరు రాకముందే చిత్రకారుని పంపుట యెంత దూరదృష్టి! శిలలను మోసికొనిపోవచ్చును, ఊరి మధ్యాహ్నమును కుంచెతో మాత్రమే మోసికొనిపోవలెను.

మన ప్రభుత్వములు ఆ పని చేయలేదని నిందించి ఊరకుండుట సులభము. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద 46,531 చెరువులను బాగుచేయ సంకల్పించి, లెక్కలలోనైన ప్రతి చెరువునకును ఒక స్థానమిచ్చిరి. అది రాజ్యము చేయదగిన పని. స్మృతిని కాపాడుట మాత్రము గృహస్థుల పని. అందులోను విశేషముగా గృహిణుల పని. ఏలయన, పెండ్లియై ఊరు విడిచిన స్త్రీయే పుట్టినింటి చెరువును ఎక్కువ కాలము మనస్సున మోయును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. స్మృతి తీయనిది, తీయనిది గనుకనే అబద్ధమాడును. మన చెరువు ఊరందరిదని పైన చెప్పితిని. కాని దాని ఒడ్డు అందరికిని ఒక్కటిగా నుండెనా? ఒక కులమువారు ముంచుకొను రేవున మరియొక కులమువారు అడుగు పెట్టరాని కాలము నిన్న మొన్నటిది. అనేక గ్రామములలో దొరగారి మడి తడిసిన పిమ్మటనే పేదవాని మడికి నీరు సాగెడిది. వెట్టిచాకిరి యీ నేలపై ఎంత పాతుకొనియుండెనో, నిజాము రాష్ట్రాంధ్ర మహాసభల చరిత్ర చదివినవారికి తెలియును. ఆ మహాసభ నాలుగవ సమావేశము 1935లో మాడపాటి హనుమంతరావు గారి యధ్యక్షతన జరిగినది ఈ మానేరు గట్టున నున్న సిరిసిల్లలోనే. ఒక కుటుంబమునకు చెరువనగా ఈతయు ముంజలును. మరియొక కుటుంబమునకు అదే చెరువనగా ఎండలో బట్టలుతుకుట, వల లాగుట, పూడిక మోయుట. మొదటి కుటుంబమువారు పురమాయించిన పటములో రెండవ కుటుంబమువారు లేకపోయినచో అది చెరువు పటము కాదు. ఆ గోడ మీది మంచుకొండవంటిదే యగును. జాలరులను ముందు నిలిపి ఇంటిని వెనుకకు నెట్టిన ఆ వివెన్హో పటము ఈ విషయమున మనకొక పాఠము.

కావున పటము వ్రాయింప దలచువారికి కొన్ని సూచనలు చేయుచున్నాను. మొదట ఇంటిలోని వృద్ధులను, వారిలోను వృద్ధురాండ్రను, కూర్చుండబెట్టి అడుగవలెను. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలెను. ఇద్దరు చెప్పిన మాటలు పొసగకున్నచో రెండును వ్రాసికొనవలెను. తరువాత గ్రామపు నక్షాను సంపాదింపవలెను. కట్ట వంపు, శిఖపు విస్తీర్ణము, వాగు వచ్చు దారి అందులో దొరకును. పిమ్మట అదే ఊరిలోని చాకలివారి యింట, గంగపుత్రుల యింట, మాలమాదిగల యింట వృద్ధులనడిగి, తాము చెరువునకు ఏ దారిన పోయెడివారో తెలిసికొనవలెను. ఇన్ని చేతబట్టుకొని చిత్రకారుని వద్దకు పోవలెను.

చిత్రకారుని కొఱకు దూరము పోనక్కరలేదు. నిర్మలలో పలక గలదు. చేర్యాలలో గుడ్డ గలదు. మన పాఠశాలలలో చిత్రలేఖనము బోధించు ఉపాధ్యాయులు గలరు. చేర్యాల చిత్రకారుడు కథను మెట్లుగా విభజించు విధము ఈ పనికి మిక్కిలి తగినది: ఒక మెట్టున మాఘమాసపు నిండుచెరువు, ఒక మెట్టున వైశాఖపు తగ్గునీరు, ఒక మెట్టున చేపల దినము, చివరి మెట్టున ఆ యూరిపై పరచుకొన్న పెద్ద జలాశయము. కులపురాణము వ్రాసిన చేయి ఊరిపురాణమును వ్రాయగలదు. పురమాయించువాడు మాత్రము బేరమాడుటలో తన తెలివిని చూపరాదు. పటము వెనుక ఊరి పేరు, చెరువు పేరు, చెప్పినవారి పేర్లు, వ్రాసినవాని పేరు, సంవత్సరము తప్పక వ్రాయింపవలెను. మన పటములలో చిత్రకారుని పేరు లేకపోవుట మన పాత దోషము.

దీనికి వ్యయమెంతయని అడుగువారుందురు. ఒక పెండ్లిలో ఒక్క పూట పందిరికి కట్టి మరునాడు వాడి పారవేయు పూల కగు ఖర్చులో ఇది కొంత భాగము. ఆడపిల్లను అత్తవారింటికి పంపునప్పుడు పాత్రలు, బీరువాలు పంపుచున్నాము. వానితోపాటు ఆమె పుట్టినింటి చెరువు పటమొకటి పంపినచో, ఆ యింట ఆమె కూర్చుండు గదిలో ఆమెదైన గోడ యొకటి యుండును. ఆమె పిల్లలు దానిని చూపి, అమ్మా, ఇందులో నీవెక్కడ అని అడుగుదురు. ఆమె చూపును. చూపునప్పుడు ప్రక్కన నిలిచిన చాకలి పిల్లను, వల మోసిన పిల్లవానిని కూడ చూపవలసి వచ్చును. వారి పేర్లు చెప్పవలసి వచ్చును. ఆ పేర్లు చెప్పగలిగిననాడే ఆమె పిల్లలు ఆ చెరువునకు నిజముగా వారసులగుదురు.

ఈ వేసవిలో పిల్లలతో స్వగ్రామమునకు పోవువారు, లేదా నీటి యంచున నిలిచి లేని గ్రామమును చూచి వచ్చువారు, ఒక కాగితమును కలమును వెంట తీసికొని పోవుదురు గాక. తూము ఎక్కడ నుండెనో ముందుగా అడిగి తెలిసికొనుడు. మిగిలినది చిత్రకారుడు చూచుకొనును.